పొయ్యి ముట్టియ్యకుండ్రి

మొదటే ఒప్పేసుకుంటాను: నాకు వంట రాదు. ముప్పై ఏండ్ల కాపురంలో మా ఆయన నా చేతి వంట తిని "బాగుంది" అన్నది రెండే రెండు సార్లు. ఒకసారి ఆయనకు జ్వరం. ఇంకోసారి పక్కన మా అమ్మ కూర్చుని ఉంది. అలాంటిదాన్ని "అన్నం పారేయకండి" అని ఊరూరా తిరిగి చెప్పే పనిలో వేశారు.

కామారెడ్డిలో ఒక స్వచ్ఛంద సంస్థ మాది. అప్పటికింకా మేము నిజామాబాద్ జిల్లానే. పొదుపు సంఘాలు, చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్లు, ఏ పథకం వస్తే దాని గురించి పల్లెల్లో మాట్లాడటమే చాలా ఏండ్లుగా నా ఉద్యోగం. 2009లో అన్నం వంతు వచ్చింది. 2014లో రిటైరయ్యేదాకా అదే పట్టుకుని తిరిగాను.

ఈ మధ్య ఆఫీసువాళ్లు కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నేను అరగంట మాట్లాడాక ఒకమ్మాయి లేచి, "మేడం, స్లైడ్లు ఏమన్నా ఉన్నాయా?" అని అడిగింది. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. "నా దగ్గర ఉన్నది నోరొక్కటేనమ్మా, అది కూడా చాలాసార్లు తప్పే మాట్లాడింది" అన్నాను. ఇంటికొచ్చాక పాపం అనిపించింది. ఆ పిల్లకు చెప్పాల్సింది ఆ రెండో సగమే. నోరు ఎక్కడ తప్పు మాట్లాడిందో, దాన్ని ఎవరు దిద్దారో రాస్తున్నాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటూనే రాస్తున్నాను.

కత్తెరలు ఆగిన రోజు

ఎల్లారెడ్డి దాటి నిజాంసాగర్ తోవలోంచి లోపలికి పోతే ఒక చిన్న పల్లె ఉంది. పేరు రాయను. రాస్తే పక్క పల్లెవాళ్లు "మా ఊరేం పాపం చేసింది?" అని ఫోన్ చేస్తారు. యాభై ఇండ్లు ఉంటాయేమో. మగవాళ్లు పొలాలకూ కూలికీ పోతారు, కొందరు దుబాయిలో ఉన్నారు. ఆడవాళ్లు నాట్లూ కోతలూ లేని రోజుల్లో బీడీలు చుడతారు. మధ్యాహ్నం ఎవరో ఒకరి అరుగు మీద పదిహేను మంది చేరి, ఒడిలో చాట పెట్టుకుని, కత్తెరతో ఆకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ కూర్చుంటారు. కత్తెరల చప్పుడు వానలా పడుతూనే ఉంటుంది.

మొదటిసారి పోయినప్పుడు మా మేనేజర్ సారు ఇచ్చిన రంగురంగుల పోస్టర్లు పంచి, అన్నం విలువ మీద ఉపన్యాసం ఇచ్చి వచ్చాను. రెండోసారి పోతే ఒక పోస్టరు అన్నం గంజు మీద మూతగా కనిపించింది. నిజం చెప్పాలంటే ఆ పథకం మొత్తంలో మా పోస్టరు అన్నానికి చేసిన మేలు అదొక్కటే.

సరే, పోస్టర్లు పనిచేయలేదు, కథ చెబుదాం అనుకున్నాను. రాత్రంతా కూర్చుని ఒక కథ అల్లాను. ఒక రాజు కూతురి పెండ్లి. కొండంత అన్నం మిగిలింది. అందరూ పారబోయబోతుంటే తెలివైన మంత్రి దాన్ని బండ్లకెత్తించి ఊరి చివరి గుడిసెలకు పంపాడు. గుడిసెల్లో వాళ్లు కడుపునిండా తిని, కన్నీళ్లు పెట్టుకుని రాజును దీవించారు. గొంతు తగ్గించీ పెంచీ, చేతులు తిప్పీ చెప్పాను. కథ చివరికొచ్చేసరికి కత్తెరలు ఆగిపోయాయి, అన్నీ ఒకేసారి. నా గుండె పొంగింది. కత్తెర ఆగిందంటే కథ పండిందన్నమాటే కదా!

అరుగు చివర కూర్చున్న ఒకామె తల ఎత్తింది. పేరు రాజవ్వ. అరవైకి దగ్గరపడిన మనిషి, మొగుడు పోయి చాలా కాలమైంది, ఒక్కడే కొడుకు.

"అయిపోయిందా మేడం?"

"అయిపోయిందవ్వా. ఎట్లుంది?"

"ముందుగాల నన్ను అవ్వ అనకు. నీ తల నల్లగున్నదా ఏంది? రంగేసినవు, గంతే."

అరుగంతా గొల్లున నవ్వింది. నేను కొంగు సర్దుకున్నాను.

"ఇగ కత సంగతి," అంది రాజవ్వ. "ఊరి చివర గుడిసెలన్నవు. ఊరి చివరున్నది మేమే. అంటే పెద్దోళ్ల పెండ్లిల ఎంగిలి మేం తిని, దండం బెట్టి, ఏడ్వాలె. గదేనా నీ కత?"

"అయ్యో, ఎంగిలి కాదక్కా, మిగిలింది."

"ఆకుల మిగిలింది ఎంగిలి. గంజుల మిగిలింది సద్ది. నువ్వు రెండు గలిపి ఒక్క బండికెత్తితివి. గా రాజుకు తెల్వదు సరే, నీకు గూడ తెల్వదా? బతుకమ్మ ఆడినవా ఎన్నడన్న? మొదటి దినం ఎంగిలి పూల బతుకమ్మ, ఆఖరు దినం సద్దుల బతుకమ్మ. నడుమ ఏడు దినాలున్నయి. ఎంగిలికి సద్దికి గంత దూరం ఉంటది మేడం. నువ్వు ఒక్క దుంకుల దుంకినవు!"

మళ్లీ నవ్వులు. కత్తెరలు మొదలయ్యాయి. కామారెడ్డి బస్సులో లింగంపేట దాకా ఆమెను తిట్టుకుంటూ కూర్చున్నాను. లింగంపేట దాటాక సిగ్గేసింది. ఇంటికి చేరేసరికి నాకూ నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచి బతుకమ్మ ఆడినదాన్ని, ఆ రెండు పేర్లూ నోటినిండా పాడినదాన్ని, ఆ పేర్లలో నా ఉద్యోగమంతా ఉందని ఒక్కనాడూ తట్టలేదు.

అన్నం గురించి మాట్లాడబోయే పిల్లలకు అందుకే మొదట చెప్పేది ఇది: ఒకరు ముట్టింది వేరు, ముట్టనిది వేరు. ఎంగిలి అవమానం, సద్ది ఆస్తి. మనం పుస్తకాల భాషలో "మిగిలిన ఆహారం" అని రెండింటినీ కలిపేస్తాం. వినేవాళ్ల ముఖం ముడుచుకుంటుంది. వాళ్లకు చైతన్యం లేదని రిపోర్టు రాసుకుంటాం.

బర్రె కూడా తినలేదు

ఆ తర్వాతి వారం మళ్లీ అదే అరుగు ఎక్కాను. ఈసారి కథ చెప్పలేదు. "అక్కా, మీ అమ్మ సద్దన్నం ఏం చేసేది?" అని అడిగి నోరు మూసుకున్నాను. నాకు అది ఎంత కష్టమో మా ఆయనను అడగండి.

ఒకామె సద్దన్నంలో మజ్జిగ పోసి ఉల్లిగడ్డ కొరుక్కుని పొలానికి పోయిన రోజుల గురించి చెప్పింది. ఇంకొకామె పోపు పెట్టే పద్ధతి చెప్పింది. దాని మీద మరొకామె గొడవపడింది, ఆవాలా జీలకర్రా అని. చివరికి రాజవ్వ అందుకుంది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఆమె అన్నం మాడ్చిందట. అత్త చూస్తుందన్న భయంతో మాడిన అన్నమంతా తీసుకుపోయి బర్రె కుడితిలో కలిపిందట. బర్రె మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసిందట.

"మా అత్త అచ్చి, 'ఇదేందే, బర్రె కుడితి తాగుతలేదు, దీనికేమన్న రోగమా?' అని వైద్యుని పిలిపిచ్చింది. నేను గజగజ వణుకుతున్న. గాయన కుడితిల చెయ్యి పెట్టి, మాడు దీసి, 'అత్తమ్మా, రోగం బర్రెకు గాదు, నీ పొయ్యికి' అన్నడు. ఇగ సూస్కో! ఆరు నెలలు నన్ను 'బర్రె గూడ తినని బువ్వ' అని పిలిచింది మా అత్త."

కత్తెరలు ఆగాయి. ఈసారి నిజంగానే పండింది. ఒకామె నవ్వి నవ్వి చాటలోని తంబాకంతా ఒలకబోసుకుంది.

ఆ కథను నేను పిట్లం దగ్గరి ఊళ్లకు మోసుకుపోయాను, జుక్కల్ దాకా తీసుకుపోయాను. అక్కడ సగం మంది కన్నడం, సగం మంది మరాఠీ కలిపి మాట్లాడతారు. తల తిప్పిన బర్రెను నేను నటించి చూపిస్తే భాషతో పనిలేకపోయింది. ప్రతి ఊళ్లో ఆ బర్రె వెంట ఇంకో కథ బయటికొచ్చేది. ఎసరు ఎక్కువ పోసిన కథ, చుట్టాలు వస్తారని వండితే రాని కథ, రారనుకుంటే వచ్చిన కథ. ఎందుకు పారేశారో, ఏం దాచారో వాళ్లే చెప్పుకునేవారు. నేను నీతి చెప్పలేదు. కథ చివర నీతి తగిలించారా, విన్నవాళ్లు కథను కూడా మీ మొహానే కొట్టి పోతారు. ఇంకోటి, చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకు కథ చెప్పబోకండి. మీటింగు అని కుర్చీలు వేస్తే జనం గడియారం చూస్తారు. చేతిలో పని ఉన్న మనిషికే చెవి ఖాళీగా ఉంటుంది.

సారు డబ్బా

మా మేనేజర్ సారు మంచివాడే. ఫొటోల పిచ్చి ఒక్కటే. కథ చెబుతున్న ఫొటో, వింటున్న ఫొటో, విని మారిపోయిన ఫొటో కావాలనేవారు. విని మారిపోయిన ఫొటో ఎలా ఉంటుందో నాకైతే ఇప్పటికీ తెలియదు.

ఆయన రోజూ ఇంటినుంచి నాలుగు గిన్నెల డబ్బా తెచ్చుకునేవారు. రెండు గిన్నెలు తిని, మిగతా రెండూ ఆఫీసు వెనక తొట్టిలో దులిపేవారు. గోడ మీద పోస్టరు, కింద తొట్టి! చూసీ చూసీ ఒకరోజు ఆగలేకపోయాను. "సార్, ఈ ఫొటో కూడా తీసి పంపుదామా?" అన్నాను. అయిపోయింది నా ఉద్యోగం అనుకున్నాను.

సారు కాసేపు డబ్బా వంక చూసి, మెల్లగా అన్నారు: "మా ఇంటామె ప్రేమతోని పెడ్తదమ్మా. తక్కువ పెట్టు అంటే, 'నా వంట నచ్చలేదా' అంటది. తిననిది తిరిగి తీస్కపోతే బాధపడ్తది. పదిహేనేండ్ల సంది ఖాళీ డబ్బానే తీస్కపోతున్న."

అప్పటిదాకా అన్నం పారేసేవాళ్లంటే పొగరుబోతులని నా నమ్మకం. కాదు. చాలామంది ప్రేమతో ఎక్కువ వండుతారు, భయంతో పారేస్తారు. అడగాల్సింది "ఎందుకు పారేస్తున్నారు" అని కాదు, "ఎవరికి భయపడుతున్నారు" అని. ఇది నాకు నేర్పింది మా సారే. బర్రె కథ ఆయనతో ఇంట్లో చెప్పించాను కూడా. ఆ మరుసటి వారం రెండు గిన్నెల డబ్బా వచ్చింది. ఆమె అన్న మాట సారు స్వయంగా చెప్పారు: "పదిహేనేండ్లు చెప్పకపోతివి, నేనూ ఇంత వండలేక సస్తున్న!"

రాజవ్వ ఇంటి దావత్

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే ఇంత రాసింది.

అప్పటికి ఆ పల్లెకు పోబట్టి మూడేండ్లు దాటింది. రాజవ్వ నన్ను "చెల్లె" అంటోంది, నేను "అక్కా" అంటున్నాను. ఆమె కొడుకు నర్సింలుకు పెండ్లి కుదిరింది. పిల్లది పిట్లం దిక్కు. పెండ్లి ఆ పిల్ల తరఫువాళ్ల ఊళ్లో, మరుసటి రోజు మధ్యాహ్నం ఇక్కడ దావత్, అంటే విందు.

వంటకు ఎల్లారెడ్డి నుంచి భూమన్నను మాట్లాడారు. చుట్టుపక్కల ఊళ్లలో పెండ్లంటే భూమన్నే. గరిటె పట్టుకున్న చేతితోనే మీసం దువ్వుకునే మనిషి. ఎంతమందికి చెప్పినా అంతకు సగం కలిపి వండుతాడు. ఎందుకన్నా అని అడిగితే ఆయన జవాబు నాకు బాగా నచ్చింది. "తక్కువైతే ఊరంత నన్నంటది మేడం. ఎక్కువైతే కుక్కలు తింటయి. కుక్కలు ఎవ్వలకు జెప్పవు." అన్నం "అయిపోయింది" అన్న మాట ఆయన నోట రాదు. అందరిలాగే "నిండుకున్నది" అంటాడు. ఆ మాట కూడా ముప్పై ఏండ్లలో రెండు సార్లే అన్నానని గొప్పగా చెప్పుకునేవాడు.

రాజవ్వ మాత్రం పట్టుబట్టింది. "ఇన్ని కతలు విని, నా ఇంట్ల బువ్వ పెంటల పోస్తే ఎట్ల? మనుషుల లెక్క గట్టు, గంతకే వండు." లెక్క మేం ముగ్గురం కూర్చుని కట్టాం. పిల్ల తరఫువాళ్లు ఇంతమంది, సొంత చుట్టాల ఇండ్లు ఎనిమిది, వాటిలో అందరూ, మిగతా ఊరంతా ఇంటికి ఒక్కరు. మనిషికి మూడు పిడికిళ్ల బియ్యం. భూమన్న గొణిగాడు, తల గోక్కున్నాడు. నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని చెప్పాను: "భూమన్నా, తక్కువైతే నన్నను. పూచీ నాది."

పిలుపులప్పుడు రాజవ్వ నన్ను పక్కకు పిలిచింది. "నేను బొట్టు వెట్టి పిలువరాదు చెల్లె. నా దిక్కు నువ్వు పిలువు." మొగుడు లేని ఆడది బొట్టు పెట్టకూడదన్న ఆచారం మీద నాకున్న మంట సంగతి ఇక్కడ రాస్తే కాగితం కాలుతుంది. కానీ ఆమె ఆ మాట అడిగినప్పుడు నా కడుపు నిండిపోయింది. తోబుట్టువుకు ఇచ్చే చోటు నాకిచ్చింది.

మొదటి ఇల్లు ఆమె ఆడబిడ్డది. నేను బొట్టు పెట్టాను, రాజవ్వ వాకిట్లో నిలబడి, "వొదినె, ఎల్లుండి మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ్రి" అంది. ఎంత చక్కటి మాట! మా కామారెడ్డిలో పత్రిక చేతిలో పెట్టి "తప్పకుండా రావాలి" అంటాం, అంతే. బీడీలు అప్పజెప్పే పొద్దయిందని రాజవ్వ అక్కడినుంచి వెళ్లిపోయింది. మిగతా ఊరంతా నేనొక్కదాన్నే తిరిగాను. ప్రతి ఇంట్లో బొట్టు పెట్టి, కుంకుమ భరిణె పట్టుకుని, ఆ చక్కటి మాటను ఇంకొంచెం రాగం తీసి అన్నాను: "ఎల్లుండి మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ్రి!" ఒకరిద్దరు ఆశ్చర్యంగా చూశారు. "రాజవ్వ దిల్ పెద్దది" అన్నారు. నేను మురిసిపోయాను.

దావత్ రోజు పందిట్లో మొదటి బంతి పిల్ల తరఫువాళ్లది. యాట మాంసం కూర, పప్పు, పులుసు, అన్నం. బ్రహ్మాండంగా జరిగింది. రెండో బంతిలో ఊరి మగవాళ్లు, వెంట పిల్లలు, ముసలివాళ్లు. అప్పుడే భూమన్న మీసం దువ్వడం మానేశాడు. మూడో బంతికి ఆడవాళ్లు కూర్చున్నారు. ఎప్పుడూ ఆడవాళ్లదే ఆఖరు బంతి కదా. పందిరి చాలక వాకిట్లో కూడా ఆకులు వేశారు. ఉప్పు, తొక్కు పచ్చడి వడ్డించారు. భూమన్న నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"మేడం," అన్నాడు, "నిండుకున్నది."

అన్నం గంజులోకి తొంగి చూశాను, అడుగు కనిపించింది.

"ఇంటికొక్కరంటిమి గద! గీ మందేంది? ఇంటింటికి ఐదుగురొచ్చిండ్రు! ఏమని పిలిచినవు?"

చెప్పాను.

ఆయన గరిటె వదిలేసి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ఓ తల్లీ! పొయ్యి ముట్టియ్యకుండ్రంటే ఇల్లిల్లంత రమ్మన్నట్టు! పిల్లా జెల్లా, ముసలి ముతకా, ఇంటికొచ్చిన చుట్టాలు గూడ! ఇయ్యాల ఈ ఊర్ల ఒక్క పొయ్యి ముట్టలే, తెల్సా?"

రాజవ్వ పక్కనే ఉంది. అంతా వింది. వియ్యంకుడు పందిరి గుంజకు ఆనుకుని ఇటే చూస్తున్నాడు. కొత్త కోడలు గడపలో నిలబడి ఉంది. ఆకు ముందు కూర్చున్న మనిషిని ఖాళీ ఆకు మీంచి లేపడమంటే ఆ ఇంటికి అంతకంటే తలవంపు లేదు. మళ్లీ ఎసరు పెట్టొచ్చు, కానీ ఇండ్లలో బియ్యం అడిగి తెచ్చి, అన్నం దిగేదాకా వందమంది ఉత్త ఆకుల ముందు కూర్చోవాలి.

"మేడం," అంది రాజవ్వ. చెల్లె అనలేదు. "నా ఇంటి నుంచి ఆకిడిచి లేచిపోయిండ్రంటే, రేపు నా మనుమలకు గూడ జెప్తరు."

బంతి మధ్యకు పోయి నిలబడ్డాను. "తప్పు నాది. రాజవ్వక్క ఇంటికి ఒక్కరినే పిలవమంది. తెలియని మాట తెలిసినట్టు నేను వాడాను. అన్నం నిండుకుంది. తిట్టాలంటే నన్ను తిట్టండి, ఆమెను అనకండి" అన్నాను. ఒక పిల్లవాడు తొక్కు నాకుతున్నాడు.

అప్పుడు రాజవ్వ కొంగు నడుముకు చెక్కుకుని ముందుకొచ్చింది. బంతి మొత్తాన్ని ఒక చూపు చూసింది. అందరూ బీడీల అరుగు మీది ఆడవాళ్లే.

"ఏమే, ఒక్క మాటడుగుత, నిజం జెప్పుండ్రి. ఇయ్యాల పొద్దుగాల సద్ది దిన్నోళ్లు చేతులెత్తుండ్రి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. మధ్యాహ్నం యాట కూర ఉందని తెలిసి పొద్దున సద్దన్నంతో కడుపు నింపుకునే పిచ్చివాళ్లు ఎక్కడైనా ఉంటారా?

"మరి రాతిరి బువ్వంత యాడున్నది? ఉట్టి మీద ఊగుతున్నదా? నా కూరకు కడుపు ఖాళీ వెట్టుకొని, మీ సద్ది బర్రెకు బోద్దామనుకున్నరు గద, దొంగలు! ఉర్కుండ్రి! ఇయ్యాల మూడో బంతి సద్దుల బంతి!"

ముందు ఒకామె నవ్వింది. తర్వాత బంతంతా నవ్వింది. ఆ నవ్వులోనే లేచి ఇండ్లకు పరుగెత్తారు. ఖాళీ ఆకులు అట్లాగే ఉన్నాయి, కానీ ఎవరూ ఆకు విడిచి పోలేదు, సద్ది కోసం పోయారు. గంజులు, గిన్నెలు, తపేలాలు వచ్చాయి. సద్దన్నం, జొన్న గట్క, పెరుగు, రొట్టెలు, ఒకామె ఏకంగా ఉల్లిగడ్డల గంప. భూమన్న పులుసు, అడుగున ఉన్న యాట కూర దానిమీద వేశాడు. వాసనకు వియ్యంకుడు గుంజ వదిలి వచ్చాడు.

"గిదేంది, ఆఖరు బంతికి అసలు మాల్ దాచిపెట్టిండ్రు! మాకు ఉత్త అన్నం వెట్టిండ్రా?" అంటూ ఆడవాళ్ల బంతి చివర చతికిలబడ్డాడు. పిట్లంవాళ్లు ఇంకో నలుగురు ఆయన పక్కన చేరారు. వాళ్లకు వడ్డించింది కొత్త కోడలు.

ఆ రోజు ఆ ఊళ్లో ఒక్క మెతుకు పారేయలేదు. గంజుల్లో సద్ది లేదు, ఆకుల్లో ఎంగిలి లేదు. కుక్కలు వచ్చి, చూసి, వెళ్లిపోయాయి. భూమన్న వాటి వంక చూసి, "ఇగ ఇవి గూడ ఊరంత జెప్తయి" అన్నాడు.

సాయంత్రం గంజులు తోముతుంటే నేనూ బూడిద పట్టుకుని కూర్చున్నాను. రాజవ్వ ఒక గంజు తోమి బోర్లించి అంది: "నవ్విన గని, నా గుండె నీళ్లయింది. ఒక్కటి యాదుంచుకో. తెల్వని మాట నోట్లె వెట్టుకోకు. ఉడకని బువ్వ లెక్క, అది కడుపుల కుట్టక మానదు."

"తప్పయిందక్కా."

"తప్పే. ఇగ ఏడ్వకు, బూడిదంత నీళ్లయితది. గటు తోము చెల్లె."

ఆ "చెల్లె" విన్నాక నేను ఇంకా గట్టిగా ఏడ్చాను.

సారు ఆ సంగతి విని, "వృథా సున్నా! ఫొటో తీసినవా?" అన్నారు. తీయలేదు. ఆ ఊళ్లో మాత్రం ఆ తర్వాత ఏ దావత్ జరిగినా ఆడవాళ్లు తమ ఇండ్ల సద్ది తెచ్చి ఆఖరున కలిసి తినడం మొదలైంది. మేం పెట్టిన పేరు కాదు, మేం నేర్పింది కాదు. మూడో బంతి రుచి ఎక్కువని మొదటి బంతికి పిలిస్తే పోని మగవాళ్లు కూడా తయారయ్యారు.

పిల్లలూ, మీరు తప్పు చేస్తారు. మీ తప్పును మీరే బంతి మధ్యలో నిలబడి చెప్పండి. ఆ తర్వాత పక్కకు జరగండి. దాన్ని కథగా మార్చే మనిషి అక్కడే, ఆ ఊళ్లోనే కూర్చుని ఉంటుంది. ఆమెకు చోటివ్వడమే మన ఉద్యోగం.

గడపలో బొట్టు

2014లో రిటైరయ్యాను. శాలువా, పూలదండ, ఫొటో. సారు నా గురించి మంచిగానే మాట్లాడారు. ఇంటికొచ్చి కూర్చుంటే మధ్యాహ్నాలు గడవడం కష్టమైంది. చెవులు కత్తెరల చప్పుడు కోసం వెతికేవి.

ఒకరోజు పొద్దున తలుపు తడితే రాజవ్వ, పక్కన కోడలు. కోడలి భుజం మీద పిల్లగాడు. కోడలు నాకు బొట్టు పెట్టింది.

"రేపు మనుమని తొట్టెల," అంది రాజవ్వ. పిల్లగాణ్ని ఉయ్యాలలో వేసే వేడుకన్నమాట. "మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యకు చెల్లె."

"మా ఇంట్లో ఇద్దరమే కదక్కా."

"తెల్సు. లెక్క గట్టిన. గీసారి పిలిచింది మేము. నువ్వు నోరు మూస్కొని అచ్చి తిను."

మరుసటి రోజు పొయ్యి ముట్టించలేదు. రాత్రి మిగిలిన అన్నం డబ్బాలో పెట్టుకుని, మా ఆయనను వెంటపెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. అన్నం ముద్దయిపోయింది, అడుగున కాస్త మాడింది కూడా. నా వంట కదా.

ఆఖరు బంతిలో అందరూ తెచ్చినవి మధ్యలో పెట్టారు. రాజవ్వ నా డబ్బా మూత తీసి వాసన చూసింది. నా వంక చూసింది. బర్రె గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఆమె డబ్బా మొత్తం తన ఆకులో బోర్లించుకుని, పులుసు పోసుకుని, మెతుకు మిగల్చకుండా తింది.

"మంచిగున్నది," అంది.

ఆమెకు జ్వరం లేదు. మా అమ్మ పక్కన లేదు.